తుపాను వెలిసిన పిదప టార్పాలిను నీడ

(టెక్కలి మండలము రావివలసలో, పరిసర గ్రామముల పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

 

మనము నేడు సమావేశమైన ఈ రావివలస ఎండల మల్లికార్జునస్వామి వెలసిన పుణ్యస్థలము. స్వామికి పైకప్పు లేదు. ఎండయు, వానయు, మంచును ఆ మహాలింగముపై నేరుగా పడుచుండును. తనకు నీడ వలదని స్వామియే కోరెనని మన పెద్దలు చెప్పుదురు. దైవము కోరి ఎండలో నుండవచ్చును. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొన్న తల్లికి, మంచము పట్టిన వృద్ధునకు ఆ కోరిక లేదు. వారికి నీడ కావలెను. అదియును గాలివాన ఇంటి కప్పును ఎగురగొట్టిన నాటి రాత్రియే కావలెను. ఆ ఒక్క రాత్రిని, దాని తరువాతి పది పదునైదు దినములను గూర్చియే నేడు మేము మీతో మాటలాడ దలచితిమి.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేది తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటిన సంగతి మీలో ఎవరును మరచి యుండరు. గాలి గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వీచినది. ఉండియుండి 165 కిలోమీటర్ల వరకు పెచ్చు పెరిగినది. ఉద్దానమున తాతలనాటి కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొరిగినవి. వంశధార, మహేంద్రతనయ పొంగి పొరలినవి. కరెంటు స్తంభములు పడిపోయి అనేక గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండినవి. రేకుల కప్పులు ఎగిరి, పూరిండ్లు కూలి, గోడలు మాత్రము మిగిలిన ఇండ్లను మీరును చూచితిరి, మేమును చూచితిమి.

ఆ దినములలో మేము వాహనమునకు మైకు కట్టుకొని గ్రామగ్రామము తిరిగితిమి. "టార్పాలినులు వచ్చినవి, వచ్చి తీసికొనుడు" అని చాటితిమి. ప్రజలు వరుసలు కట్టి తీసికొనిపోయిరి. మా పని అయినదని తలచితిమి. రెండు దినముల పిదప అదే దారిన మరల పోవునప్పుడు కొన్ని టార్పాలినులు చినిగి, కూలిన కొబ్బరి మొవ్వులకు వ్రేలాడుచుండెను. కొన్ని చదునుగా కట్టబడి, నడుమ వాననీరు కుండవలె నిలిచి, కర్రలను విరుగగొట్టెను. ఒకచోట ఒక వృద్ధురాలు మొండిగోడ నానుకొని, మడత విప్పని టార్పాలినును భుజములపై కప్పుకొని కూర్చుండి యుండెను. "ఎందుకు కట్టుకొనలేదు, అమ్మా?" అని అడిగితిమి. "కట్టీవోలెవులున్నారు బాబూ? కొడుకు పనికి ఎల్లిపోనాడు. గుడ్డ ఇచ్చినారు గాని, కట్టీ మనిసిని ఇవ్వనేదు" అని ఆమె చెప్పినది.

ఆ మాటకు మా వద్ద జవాబు లేకపోయినది. ప్రచారము మా వృత్తి. టార్పాలిను వచ్చినదని మేము ప్రచారము చేసితిమి. దానిని ఎట్లు నిలుపవలెనో చెప్పలేదు. అది మా లోపము. ఆ లోపమును సరిదిద్దుకొనుటకే నేటి ప్రసంగము. మా మనవి యొక్కటియే: గుడ్డతోపాటు తాడు, గుంజ, కట్టు తెలిసిన చేయి సిద్ధముగా నున్ననే అది నీడ యగును. ఆ చేతులను ముందుగా సిద్ధపరచగలది పంచాయతీ.

గాలిలో టార్పాలిను పనికిరాదు

మొదట ఒక హెచ్చరిక. టార్పాలిను తుపాను వెలిసిన పిదప వాడదగినది గాని, తుపానులో తలదాచుకొనుటకు తగినది కాదు. గాలివేగము రెట్టింపయినచో దాని బలము నాలుగు రెట్లగును. 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల టార్పాలినును గాలికి ఎదురుగా నిలిపినచో, గంటకు 40 కిలోమీటర్ల గాలి దానిపై సుమారు 150 కిలోల బరువుతో త్రోయును. 80 కిలోమీటర్లయినచో 600 కిలోలు. తిత్లీ గాలి వంటి 150 కిలోమీటర్ల గాలికి ఆ బలము రెండు టన్నులను దాటును. ఏ తాడును, ఏ గుంజయు దానికి ఆగవు.

కావున వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే ప్రజలను గట్టి భవనములకు, తుపాను రక్షణ కేంద్రములకు తరలించుటయే మొదటి పని. ఆ శాఖ సాధారణముగా తుపానుకు 72 గంటల ముందు తొలి సూచనను, 48 గంటల ముందు అప్రమత్తతను, 24 గంటల ముందు హెచ్చరికను వెలువరించును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది ప్రాణములు పోయినవి. సముద్రపు నీరు లోనికి వచ్చునప్పుడు గుడ్డ గూడారము గాని, పూరిల్లు గాని మనిషిని కాపాడలేదని ఆ దినము చాటినది.

మరియొక సంగతి. తుపాను కన్ను మన ఊరి మీదుగా పోవునప్పుడు గాలి అకస్మాత్తుగా ఆగిపోవును. ఆకాశము తేటపడినట్లు తోచును. గాలివాన పోయినదని భ్రమించి బయటికి వచ్చి కప్పులు సవరించుకొన ప్రయత్నించినవారు ప్రాణాపాయమునకు లోనగుదురు. కొంతసేపటికి గాలి ఎదురు దిక్కు నుండి అంతే బలముతో విరుచుకొని పడును. అధికారులు తుపాను దాటినదని ప్రకటించువరకు ఏ ఒక్కరిని గుంజ పాతుటకు బయటికి పంపరాదు.

స్థల నిర్ణయము

గాలి శాంతించిన పిదప స్థలమును ఎన్నుకొనవలెను. ఇంటి దగ్గరనే నీడ వేసికొనుట మంచిది. సామాను, పశువులు, కూలిన ఇంటి కలప కనుచూపులో నుండును. కాని పగుళ్లు బారిన గోడ ప్రక్కన వేయరాదు. ఆ గోడ ఎత్తెంతయో, అంతకంటె దూరముగా నుండవలెను. వంగిన కొబ్బరిచెట్టు క్రింద, తెగి వ్రేలాడు కరెంటు తీగ సమీపమున ఎంతమాత్రమును వేయరాదు. ఉద్దానమున ఈ రెండు ప్రమాదములు ప్రతి పెరటిలోను ఉండును.

గెడ్డ ఒడ్డు, చెరువు గర్భము, పల్లపు పొలము పనికిరావు. తుపాను పోయిన పిదపను కొండలపై కురిసిన వాన దిగువకు వచ్చుచునే యుండును. కొండవాలు దిగువన నుండుట మరింత అపాయము. తిత్లీ సమయమున సరిహద్దునకు ఆవల ఒడిశాలోని గజపతి జిల్లా బరఘర గ్రామమున వానకు వెరచి గుహలో తలదాచుకొన్న పలువురు కొండచరియ విరిగిపడి మరణించిరి. మహేంద్రగిరి వైపునగల మన గ్రామములవారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

నిలుపు విధానము

18 అడుగులు, 12 అడుగులు గల టార్పాలినునే ఉదాహరణముగా తీసికొందము. నడుమ ఎత్తుగను, రెండు ప్రక్కల వాలుగను, మన పూరింటి దూలమును పోలి కట్టుట శ్రేష్ఠము. 8 అడుగుల సరుగుడు గుంజలు రెండింటిని 18 అడుగుల దూరమున, అడుగున్నర లోతుగా పాతవలెను. వానిపై వెదురును దూలముగా కట్టి, టార్పాలిను నడిమి భాగమును దానిపై వేయవలెను. ఇరుప్రక్కల ఆరేసి అడుగుల గుడ్డ దిగును. దానిని ఏటవాలుగా లాగి, అంచులు నేలకు రెండడుగుల ఎత్తున నుండునట్లు కట్టినచో, దూలము ఆరడుగులకు కొంచెము పైన నుండును. లోపల ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు దొరకును. అంచుక్రింది రెండడుగుల సందును కొబ్బరిమట్టల తడికెలతో మూయవచ్చును. ఎండవేళ తడికె తీసినచో గాలి ఆడును.

ఈ నీడలో సుమారు 153 చదరపు అడుగుల చోటు కలదు. విపత్తులలో సహాయము చేయు సంస్థలు ప్రపంచమంతట పాటించు స్ఫియర్ ప్రమాణముల ప్రకారము మనిషికి కనీసము మూడున్నర చదరపు మీటర్లు, అనగా సుమారు 38 చదరపు అడుగులు ఉండవలెను. ఆ లెక్కన ఇది నలుగురికి సరిపోవును. ఎనమండుగురున్న ఇంటికి ఒకే టార్పాలిను ఇచ్చి, ఇచ్చితిమని పుస్తకములో వ్రాసికొనుట న్యాయము కాదు.

చదునుగా కట్టరాదని మరల చెప్పుచున్నాము. చదరపు అడుగు గుడ్డపై ఒక్క అంగుళము నీరు నిలిచినచో రెండు కిలోల పైచిలుకు బరువగును. పది చదరపు అడుగుల గుంటలో మూడంగుళముల నీరు చేరినచో 70 కిలోలు. అనగా రాత్రివేళ ఒక మనిషి కప్పుపై ఎక్కి కూర్చుండినట్లే. వాలు బాగుగా నున్నచో నీరు నిలువదు. చుట్టును జానెడు లోతున కాలువ త్రవ్వి, ఆ నీటిని పల్లమునకు మళ్లించవలెను. నేలపై ఇసుక మెత్తి ఎత్తుచేసి, కొబ్బరాకులు పరచి, వాటిపై చాప వేసినచో చెమ్మ పైకి రాదు.

ఇసుక నేలలో ఊతము

టెక్కలి ప్రాంతపు గట్టినేలలో మేకు నిలుచును. మేకును నీడకు ఎదురువైపునకు వంచి దిగగొట్టి, తాడును నేలకు దగ్గరగా మేకు మొదట కట్టిన చాలును. వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి తీరములలోని ఇసుకనేలలో మేకు ఎంత లోతున దిగినను ఒక్క ఊపునకు పైకి వచ్చును. అక్కడి విధానము వేరు. ఒక ఖాళీ గోనెసంచిలో ఇసుక నింపి, మూతికట్టి, నడుమకు తాడు బిగించవలెను. తాడు లాగు దిక్కునకు అడ్డముగా మూడడుగుల గోతిని త్రవ్వి, సంచిని అందులో అడ్డముగా పడుకోబెట్టి, ఇసుక కప్పి త్రొక్కవలెను. సంచికి బదులు మూరెడు కొబ్బరి మొద్దయినను సరిపోవును. పైనున్న ఇసుక బరువంతయు ఆ ఊతమును పట్టి యుంచును. కూలిన కొబ్బరిచెట్టు మన గుండెను కోసినమాట నిజమే. కాని దాని మొద్దు ఊతమునకు, మట్ట తడికెకు, ఆకు పరుపునకు ఉపయోగపడును.

ముడి, మేకు, మరమ్మతు

టార్పాలిను అంచున నుండు లోహపు రింగులు మొదట తెగును. తెగినపుడు విచారింప నక్కరలేదు. నున్నని గులకరాతిని గుడ్డ క్రింద ఉంచి, దానిచుట్టును గుడ్డను ముడిచి, మెడవద్ద తాడు బిగించినచో అది రింగు కంటె గట్టిగా నిలుచును. గులకరాయి దొరకనిచోట ఇసుకను పేలికలో మూటకట్టి వాడవచ్చును. ఇనుపతీగతో కట్టరాదు. అది గుడ్డను కోయును. ప్రతి తాడు చివరను ఒక్క లాగుతో విడిపోవు జారుముడి నుంచవలెను. వాన వెలిసిన పిదపను, పడుకొనుటకు ముందును తాళ్లను చేతితో తట్టి చూడవలెను. సడలినదానిని బిగించవలెను. ముడులు వేయుటలో మన మత్స్యకారులను మించినవారు లేరు. పంచాయతీలు వారినే గురువులుగా పిలువవలెను.

గోడలు గట్టిగా నుండి కప్పు మాత్రమే పోయిన ఇంటికి టార్పాలినును దూలములపై పరచి మేకులతో బిగించుట ఆచారము. మేకును గుడ్డపై నేరుగా కొట్టినచో మరునాడు ఆ రంధ్రము చేయి పట్టునంత పెద్దదగును. గుడ్డపై వెదురుబద్ద నుంచి, ఆ బద్దమీదుగా మేకు కొట్టవలెను. పాత సైకిలు ట్యూబు ముక్కను మేకు క్రింద వేసినచో మరియు మంచిది.

నిప్పు, వెలుతురు, మర్యాద

పాలిథిను గుడ్డ నిప్పుసెగకు కరిగి, మండుచు మీదపడును. పొయ్యిని నీడలో పెట్టరాదు. పది అడుగుల దూరమున, గాలివాలు చూచి, నాలుగైదు కుటుంబములకు ఒక వంటపాక వేసికొనుట మేలు. కొవ్వొత్తి, కిరోసిను దీపము, దోమల చుట్ట లోపల వద్దు. టార్చిదీపముతో గడుపవలెను. పగటి ఎండకు ఈ గుడ్డ క్రింద ఉక్కపోయును. దానిపై కొబ్బరాకులు కప్పినచో వేడి తగ్గుటయేగాక, గుడ్డకు ఎండ తగులక ఎక్కువకాలము మన్నును.

స్త్రీలు బట్టలు మార్చుకొనుటకు ఒక మూల తడికెతో మరుగు ఉండవలెను. రెండు కొసలును మూయుటకు పాతచీర చాలును. మరుగుదొడ్డికి పోవు దారిలో రాత్రి వెలుతురుండవలెను. ఇవి చిన్న విషయములని తలచి విడిచినచో, ఆడవారు కూలిన ఇంటిలోనే ఉండుట మేలని మరలిపోవుదురు. అక్కడ గోడ మీదపడు ప్రమాదము కలదు.

ఉద్దానమునకు మరియొక కష్టము కలదు. మూత్రపిండముల వ్యాధితో బాధపడువారు ఇచ్చట ఇంటింటను ఉన్నారు. డయాలసిసు చేయించుకొనువారికి దారి మూసికొనిపోయినచో వేచియుండు వ్యవధి లేదు. పలాసలో 2023 డిసెంబరులో మూత్రపిండముల ఆసుపత్రి ప్రారంభమైనది. దానికిగాని, సమీపమున నున్న డయాలసిసు కేంద్రమునకుగాని పోవు బాట మొదట తెరపింపవలెను. అట్టి రోగి ఇంటి నీడ రోడ్డు దగ్గరగా నుండవలెను. ఏ వార్డులో అట్టివారెందరో వార్డు సభ్యునకు తెలిసి యుండవలెను.

పంచాయతీ చేయవలసిన పనులు

రెడ్ క్రాస్, రెడ్ క్రెసెంట్ సంఘముల అంతర్జాతీయ సమాఖ్య విపత్తు ప్రాంతములలో నీడకు ఇచ్చు మూటలో రెండు టార్పాలినులతోపాటు తాడు, రంపము, పార, సుత్తి, మేకులు మొదలగునవి కూడ నుండును. ఒంటి గుడ్డ నీడ కాదని లోకమంతట అనుభవముపై గ్రహించినారు. మనమును ఆ విధముననే మూట కట్టుకొందము. ఒక్కొక్క మూటలో ఒక టార్పాలిను, నూరడుగుల తాడు, పది మేకులు, నాలుగు ఖాళీ గోనెసంచులు ఉంచవలెను. గునపము, పార, కత్తి, సుత్తి వార్డునకు ఒక జత చాలును. గుంజలకు సరుగుడు, వెదురు ఊరిలోనే దొరకును. అవి ఎవరి తోటలో నున్నవో ముందే మాటలాడి యుంచవలెను.

రెండవది, జాబితా. కప్పు బలహీనమైన ఇండ్లు ఏవి? ఒంటరి వృద్ధులు, గర్భిణులు, వికలాంగులు, రోగులు ఎవరు? కొడుకులు వలసపోయిన ఇండ్లు ఏవి? ఈ జాబితాను సెప్టెంబరు మాసాంతమునకు పంచాయతీ సమావేశమున చదివి సరిచూడవలెను. టార్పాలినులు వచ్చినపుడు పంపకము ఆ జాబితా వరుసనే జరుగవలెను. వరుసలో నిలువగలవానికి ముందు, నిలువలేనివానికి చివర అను పద్ధతి పోవలెను. జాబితాను పంచాయతీ కార్యాలయము గోడపై అంటించినచో మాటపడవలసిన పని ఎవరికిని ఉండదు.

మూడవది, చేతులు. వార్డునకు ఐదుగురు చొప్పున కట్టు తెలిసినవారిని తయారుచేయవలెను. అందులో స్వయం సహాయక సంఘముల స్త్రీలు తప్పక నుండవలెను. ఇంటిలో మగదిక్కు లేనినాడు తాడు పట్టవలసినవారు వారే. కట్టు తెలిసిన ఐదుగురు కలిసినచో, పైన చెప్పిన నీడను కట్టుట పెద్ద పని కాదు. వారు మొదట పోవలసినది తమ ఇంటికి కాదు, జాబితాలోని మొదటి ఇంటికి.

నాలుగవది, భద్రత. తడి ఆరని టార్పాలినును మడచి పెట్టరాదు. ఎండ సోకనిచోట, ఎలుకలు చేరని ఎత్తున ఉంచవలెను. సంవత్సరమునకు రెండుమారులు విప్పి చూడవలెను. ధాన్యము కుప్పపై కప్పుటకు అరువిచ్చినచో పద్దు వ్రాసి, వానకాలమునకు ముందు తిరిగి చేర్పించవలెను.

కార్తికమున శిక్షణ

శిక్షణకు ధనమెక్కడ, దినమెక్కడ అని మీరు అడుగవచ్చును. దానికి ఈ రావివలసయే సమాధానము చెప్పుచున్నది. కార్తిక సోమవారములకు, మహాశివరాత్రికి ఇచ్చటికి వేలాది భక్తులు వచ్చుదురు. వారికి ఎండకు, మంచుకు నీడ కావలెను. మన తీరమునకు తుపానులు ఎక్కువగా వచ్చు అక్టోబరు, నవంబరు మాసములకే కార్తికమును చేరి యుండును. ఆలయ నిర్వాహకుల అనుమతితో, మీ మీ పంచాయతీల కట్టు బృందములు ఒక్కొక్క సోమవారము వచ్చి యాత్రికులకు ఈ నీడలను నిలిపినచో, భక్తులకు సేవయగును, చేతులకు అభ్యాసమగును, మూటలలోని లోపములు గాలివానకు ముందే బయటపడును. తెగిన తాడును సోమవారమునాడు మార్చుకొనవచ్చును. తుపాను రాత్రి మార్చుకొనలేము.

సభ్యులారా! 2018 తరువాతను తుపానులు వచ్చుచునే యున్నవి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నమునకు ఉత్తరముగా తీరము దాటినది. ముందును వచ్చును. దానిని ఆపు శక్తి పంచాయతీకి లేదు. కాని మొండిగోడ నానుకొని మడత విప్పని గుడ్డను కప్పుకొన్న ఆ వృద్ధురాలివంటి వారు మీ వార్డులో ఎవరో మీకు తెలియును. గాలి వెలిసిన నాటి సాయంకాలము, దీపాలవేళకు ముందు, ఐదుగురు మనుష్యులు ఆమె వాకిట నిలిచి గుంజ పాతినచో, మీ పంచాయతీ తన పని చేసినట్లే. మరల ఆ దారిన వచ్చునప్పుడు మేము మైకు కట్టుకొని రాము. ఆమె నీడ ముందు కూర్చుండి, క్షేమమడిగి పోవుదుము.